మూత కింద మీగడ

"ఒరేయ్, మన బండి ఆయిల్ తాగడం మానేసిందిరా!"

2025 ఏప్రిల్‌లో ఓ ఆదివారం పొద్దున్నే నరసరావుపేట నుంచి బాబాయి ఫోన్. గొంతులో సంతోషం పొంగిపోతోంది. బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గరున్నది 2004 నాటి మారుతి 800. పదిహేనేళ్లు నిండాక 2019లో ఒకసారి, 2024లో మరోసారి అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాడు. ఆ కారు వయసు మళ్లినదే. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు దాకా ఆయిల్ తాగేది. నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడటం, తగ్గినంత పోయడం, తేదీ వేసి డైరీలో రాయడం ఆయన అలవాటు.

"మానెయ్యడమేంటి బాబాయ్?"

"రెండు నెలలుగా చుక్క పొయ్యలేదు. పైగా లెవెల్ ఇప్పుడు పై గీత దాటింది. ముసలిదానికి మళ్లీ వయసొచ్చినట్టుంది."

నాకు నవ్వు రాలేదు. "నీళ్ల డబ్బా ఎలా ఉంది?" అనడిగాను.

"అదా... వారానికి రెండుసార్లు పోస్తున్నా. ఎండలు ముదిరాయిగా, ఆవిరైపోతున్నట్టుంది."

"బండి కింద చుక్కలేమైనా పడుతున్నాయా?"

"ఒక్క చుక్క లేదు. గచ్చు అద్దంలా ఉంది, కావాలంటే మీ పిన్నిని అడుగు."

నీళ్లు తగ్గుతున్నాయి. కింద పడటం లేదు. పోయని ఆయిల్ పెరుగుతోంది. లెక్కల మాస్టారికి లెక్క నేను చెప్పాల్సి వచ్చింది. "బాబాయ్, ముందా తాళంచెవి తీసి పిన్ని చేతికివ్వు. మళ్లీ నేను చెప్పేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. ఒక్కసారి కూడా."

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మెల్లగా అన్నాడు. "మరి జనవరిలో నువ్వే కదరా ఏం కాదన్నావు?"

అక్కడే దొరికిపోయాను. ఈ వారం కబురు ఆ ఒక్క మాట గురించే.

జనవరి ఫోన్ కాల్

సంక్రాంతి వెళ్లిన వారంలో అనుకుంటా, బాబాయి ఓసారి ఇలాగే ఫోన్ చేశాడు. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలివైపు తెల్లగా, పసుపు కలిసిన మీగడలా ఏదో పట్టి ఉందన్నాడు. నేను వాహనాల పేజీ రాసేవాణ్ని కదా, రెండో ప్రశ్న వెయ్యకుండా తీర్పు చెప్పేశాను. "చలికాలపు చెమ్మ బాబాయ్. ఏం కాదు. మూత తుడిచేసి కోటప్పకొండ దాకా ఓసారి వెళ్లిరా, పోతుంది" అని.

ఆ మాట తప్పు కాదు. అసలు సంగతి చాలామందికి తెలియదు గానీ, ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఆవిరి రూపంలో అందులో చాలా భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చలికాలం ఉదయాన పొగగొట్టం చివర నీటి బొట్లు చూసే ఉంటారు, అవే ఇవి. కొద్ది భాగం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి ఇంజన్ కడుపులోకి చేరుతుంది. అక్కడ ఏది చల్లగా ఉంటే దాని మీద మంచులా పడుతుంది. అన్నిటికన్నా పైన, గాలి తగిలే చోట ఉండేది ఆయిల్ మూతే కాబట్టి ముందు దానికి పట్టుకుంటుంది. నూనె, నీరు కలిసి చిలికినట్టై మీగడ తయారవుతుంది.

బండి అరగంట, ముప్పావుగంట ఆగకుండా తిరిగితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ చెమ్మంతా ఆవిరైపోతుంది. కానీ మా బాబాయి బండి తిరిగేదెంత? పొద్దున కూరగాయల మార్కెట్టు, సాయంత్రం గుడి. మొత్తం కలిపి నాలుగు కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కే లోపే ఇల్లొస్తుంది. రిటైరైన వాళ్ల బండ్లలో, ఆఫీసు పక్క వీధిలోనే ఉన్నవాళ్ల బండ్లలో చలికాలం ఈ మీగడ మామూలే.

కోటప్పకొండ సలహా కూడా సరైనదే. పోను రాను పాతిక కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఇంజన్‌కి మంచి వ్యాయామం. బాబాయి వెళ్లొచ్చాడు, మూత శుభ్రపడిందని కూడా చెప్పాడు.

నా తప్పల్లా, మిగతా రెండు ప్రశ్నలు అడగకపోవడం. డిప్‌స్టిక్ చివర ఆయిల్ ఏ రంగులో ఉంది? రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయా? ఈ రెండూ అడిగి ఉంటే ఫోన్లోనే సగం తేలిపోయేది. మూత చూపించేది చెమ్మని మాత్రమే. డిప్‌స్టిక్ మునిగేది ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్లో. చెమ్మ అంత లోతుకి దిగి ఆయిల్ మొత్తాన్ని తెల్లబరచడం అరుదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పారదర్శకంగా, తేనె రంగులోనో నల్లగానో ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం అది చెమ్మ కాదు.

ఇంతకీ ఆ జనవరిలో మూతకి పట్టింది చెమ్మేనా, లీకుకి మొదలా? ఇప్పుడెవరూ చెప్పలేరు. కానీ నేను "ఏం కాదు" అన్న మాట బాబాయి డైరీలో తేదీతో సహా ఉంది. మార్చిలో మళ్లీ మూత తెల్లబడితే ఆయన అదే పేజీ తిప్పి చూసుకుని తుడిచేశాడు. మార్చిలో నరసరావుపేటలో చలెక్కడిది? అది ఆయనకూ తట్టలేదు. ఏం చెప్పినా నమ్మే మనిషితో ఇదే ఇబ్బంది.

రెండంతస్తుల మేడ

నేను వెళ్లేసరికే ఇంట్లో రెండు పార్టీలు తయారై ఉన్నాయి. వీధి చివరి మెకానిక్ ఒకాయన అప్పటికే వచ్చి, మూత తీసి చూసి, "ఇంజన్ అయిపోయింది సార్, పాత సామాను కింద ఇచ్చెయ్యండి, నేనే ఒక మనిషిని పంపిస్తా" అనేసి వెళ్లాడట. మూత తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. జనవరిలో నేనూ అంతేగా! నేను మూత మాట విని ఏం కాదన్నాను, ఆయన మూత చూసి అంతా అయిపోయిందన్నాడు.

పిన్నిది అమ్మెయ్యమనే పార్టీ. "ఇరవై ఏళ్లయింది, ఇంకెన్నాళ్లండీ దాన్ని పట్టుకుని వేళ్లాడటం" అంటుంది. కానీ అసలు ఆ కారు నడిచేదే పిన్ని కోసం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్సు మెట్టెక్కలేదు. నెలకోసారి గుంటూరు ఆసుపత్రికి వెళ్లాలి, పోను రాను తొంభై కిలోమీటర్లు. ఇప్పుడు కొత్త కారు కొనే స్తోమత పెన్షన్‌కి లేదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి, ఇది పోతే ఇలాంటిది ఇంకోటి సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాలి. దానికి ఏ జబ్బుందో ఎవరికి తెలుసు?

బాబాయికి పాతికేళ్లుగా తెలిసిన పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఇప్పుడు షెడ్డు కొడుకులు చూసుకుంటున్నారు. బండిని స్టార్ట్ చేసి తీసుకెళ్లే పని లేదు కదా, ఆయన్నే ఇంటికి పిలిచాం. వచ్చి, బానెట్ ఎత్తి, వెంటనే ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ పిన్నికి ఇంజన్ ఎలా ఉంటుందో చెప్పాడు. నేను ఈ పేజీలో రాసినవాటి కన్నా బాగుంది కాబట్టి అదే చెబుతాను.

"ఇంజన్ అంటే రెండంతస్తుల మేడ అమ్మా. కింద అంతస్తు బ్లాకు. అందులో పిస్టన్లు ఆడతాయి. పై అంతస్తు హెడ్డు. అందులో వాల్వులుంటాయి. ఈ మేడకి రెండు రకాల పైపులైన్లు. ఒకటి నీళ్లది, చల్లబరచడానికి. ఒకటి ఆయిల్‌ది, అరగకుండా చూడటానికి. రెండూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి పోతుంటాయి. వీటి పక్కనే నిప్పుల గది, పెట్రోలు మండేది. రెండంతస్తుల మధ్య పల్చటి రేకులాంటిది వేస్తాం. అదే హెడ్ గ్యాస్కెట్. నీళ్లని నీళ్ల దారిలో, ఆయిల్‌ని ఆయిల్ దారిలో, మంటని మంట గదిలో ఉంచేది అదొక్కటే."

ఇక దాని తర్వాత సంగతి మనకి అర్థమవుతుంది. ఆ రేకు ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టి జబ్బు లక్షణం మారుతుంది. మంట గదికీ నీళ్ల దారికీ మధ్య తెగితే రేడియేటర్లో బుడగలు వస్తాయి, బండి ఊరికే వేడెక్కుతుంది, పొగగొట్టం నుంచి దట్టమైన తెల్లటి పొగ వస్తుంది. అప్పుడు ఆయిల్ శుభ్రంగానే ఉండొచ్చు. రెండు సిలిండర్ల మధ్య తెగితే బండి లాగదు, వణుకుతుంది. నీళ్ల దారికీ ఆయిల్ దారికీ మధ్య తెగితే మాత్రం బండి చక్కగా నడుస్తుంది, లాగుతుంది, వేడీ ఎక్కదు. కడుపులో మాత్రం కాఫీ తయారవుతుంటుంది. బాబాయిని మోసం చేసింది ఇదే. "బండి బ్రహ్మాండంగా పోతోంది మేస్త్రీ, ఇంజన్ పోవడమేంటి" అంటాడాయన.

పెనం, డ్రెయిన్ నట్టు, గాలిపంపు

మేస్త్రి మొదట డిప్‌స్టిక్ తీసి తెల్లటి గుడ్డ మీద తుడిచాడు. లేత కాఫీ రంగు. అయినా అక్కడితో తేల్చెయ్యలేదు. "అమ్మా, పనికిరాని దోసె పెనమేదైనా ఉందా?" అనడిగాడు.

తాలింపు గిన్నెలో తడి చెంచా పెడితే ఏమవుతుందో ప్రతి వంటింటికీ తెలుసు. చిటపట. మేస్త్రి చేసింది అదే. పెరట్లో పాత పెనాన్ని బాగా కాల్చి, కళ్లద్దాలు పెట్టుకుని, దూరంగా ఉండి, డిప్‌స్టిక్ నుంచి రెండే రెండు చుక్కలు దాని మీద వదిలాడు. మంచి ఆయిల్ అయితే మెల్లగా పరుచుకుని కాస్త పొగ వస్తుంది. ఇది ఆవాలు చిట్లినట్టు చిట్లింది. పెద్ద పెద్ద లేబొరేటరీల్లో కూడా నీటి జాడకి మొదటి పరీక్ష ఇదేనంటే నమ్ముతారా? కాకపోతే వాళ్లు వేడిని లెక్కగా పెట్టి చేస్తారు. మీరు చేసేట్టయితే చుక్కలే, చెంచాడు కాదు. ఆ పెనం మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పిన్ని దాన్ని అప్పుడే పక్కింటి పాత సామాన్ల కుప్పలో పడేయించింది.

నీరుంది సరే, ఎంత? చెమ్మా, ధారా? దానికి మేస్త్రి చెప్పిన పద్ధతి నాకు చాలా నచ్చింది. పరికరం అక్కర్లేదు, ఓపిక చాలు. ఆయిల్ కన్నా నీరు బరువు. బండిని చదునైన చోట రాత్రంతా కదపకుండా ఉంచితే ఆయిల్లో కలవకుండా మిగిలిన నీరు అడుగున, మెకానిక్‌లు చాంబర్ అంటారే, ఆ తొట్టి అడుగుకి చేరుతుంది. పొద్దున్నే డ్రెయిన్ నట్టుని పూర్తిగా విప్పకుండా మెల్లగా వదులు చేస్తే ముందు వచ్చేది అదే. మర్నాడు ఆరింటికి కింద గాజు సీసా పెట్టి నట్టు వదులు చేశాం. ముందు రంగు మారిన నీళ్లు వచ్చాయి. అర గ్లాసుకి పైనే. ఆ తర్వాత కాఫీ. చెమ్మ అర గ్లాసు నీళ్లు కాదు. అప్పటికి అందరం ఒక మాట మీదికి వచ్చాం. బాబాయి డైరీలో రాసుకున్నాడు.

ఇక ఎక్కణ్ణుంచి వస్తోంది? పాత ఆయిల్ మొత్తం తీసేసి, తక్కువ ధర ఆయిల్ మూడు లీటర్లకు కాస్త తక్కువగా పోశాడు. రేడియేటర్ నిండా నీళ్లు నింపి, మూత బదులు చేతిపంపు ఉన్న గేజి బిగించాడు. చల్లటి ఇంజన్ మీదే. ఇది ముఖ్యం. రేడియేటర్ మూత అంటే ఊరికే బిరడా కాదు, ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. లోపల ఒత్తిడి నిలబెట్టి నీళ్లు వంద డిగ్రీలకి మరగకుండా ఆపుతుంది. చాలా కార్లలో ఆ ఒత్తిడి 0.9 బార్ దరిదాపుల్లో ఉంటుంది. అప్పుడు నీళ్లు దాదాపు 119 డిగ్రీల దాకా మరగవు. వేడి మీద మూత తీస్తే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మొహం మీదికి ఆవిరై లేస్తాయి. ఈ పేజీలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి మీ పిల్లలకి చెప్పండి.

పంపుతో 13 పౌండ్ల దాకా ఒత్తిడి ఎక్కించి వదిలేశాం. గేజి ముల్లు అలాగే నిలబడితే లీకు లేనట్టు. ఇరవై నిమిషాల్లో ముల్లు తొమ్మిదికి దిగింది. గొట్టాలు, పంపు, రేడియేటర్ అంతా టార్చి వేసి వెతికాం. ఎక్కడా తడి లేదు. అంటే పోతున్నది లోపలికే.

తర్వాత మూడు ప్లగ్గులూ తీసి సిలిండర్ల కంప్రెషన్ చూశాడు. మూడూ దగ్గర దగ్గరగా బాగానే ఉన్నాయి. నేను సంబరపడ్డాను, గ్యాస్కెట్ బాగానే ఉందన్నమాట అని. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "మంట గదుల చుట్టూ బాగుందంతే బాబూ. నీళ్లకీ ఆయిల్‌కీ మధ్య సంగతి ఇది చెప్పదు." ఆ మాట అండర్‌లైన్ చేసుకోవాల్సిందే. రేడియేటర్ మూతి దగ్గర పెట్టి చూసే నీలం ద్రావణం పరీక్ష ఒకటుంది. మంట గది నుంచి కార్బన్ డయాక్సైడ్ నీళ్లలోకి వస్తుంటే నీలం పసుపుగా మారుతుంది. మంచి పరీక్షే. కానీ మా బాబాయి బండికి చేస్తే అది నీలంగానే ఉండేది. "టెస్ట్ చేశాం సార్, గ్యాస్కెట్ ఓకే" అని చెప్పి పంపేసేవాళ్లు. ఏ పరీక్ష ఏ దారిని చూస్తుందో అడిగి తెలుసుకోవాలి.

అన్నట్టు, అందరి బండ్లలో దొంగ గ్యాస్కెట్టే కాదు. చాలా డీజిల్ బండ్లలో ఆయిల్ కూలర్ అని ఉంటుంది. ఆయిల్, నీరు పక్కపక్కనే పారుతూ వేడి మార్చుకునే చోటు. అది లోపల చిల్లిపడినా ఇవే లక్షణాలు. ఇంజన్ నడిచేటప్పుడు నీళ్ల ఒత్తిడి కన్నా ఆయిల్ ఒత్తిడే ఎక్కువ కాబట్టి ఆయిలే నీళ్లలోకి పోతుంది. రేడియేటర్లో నల్లటి జిగురు తేలుతుంది. ఇంజన్ ఆపాక ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, వేడి నీళ్ల ఒత్తిడి మాత్రం ఇంకా ఉంటుంది. అప్పుడు నీరు ఆయిల్లోకి వస్తుంది. రేడియేటర్లో నూనె తేలుతున్న డీజిల్ బండికి హెడ్డు దింపేముందు కూలర్ చూడమని అడగండి. దాని ఖర్చు వేరు, హెడ్డు ఖర్చు వేరు. ఇక ట్రాక్టర్లు, లారీల సంగతి. చాలావాటిలో సిలిండర్ లైనర్ల చుట్టూ నేరుగా నీళ్లే ఉంటాయి. కింద రబ్బరు రింగులు ఆపుతాయి. ఆ రింగులు గట్టిపడి పగిలితే నీరు తిన్నగా చాంబర్లోకే దిగుతుంది. పల్నాడులో ట్రాక్టరున్న రైతులకి ఈ ముక్క కొత్తేమీ కాదు.

హెడ్డు దింపితే

షెడ్డుకి బండిని తాడు కట్టి లాక్కెళ్లాం. హెడ్డు దించాక మేస్త్రి పిలిచి చూపించాడు. గ్యాస్కెట్ ఒకచోట, నీళ్ల రంధ్రం పక్కన, చెదపట్టిన అట్టలా తినేసి ఉంది. హెడ్డు అల్యూమినియంది. అదీ అక్కడే గుంటలు పడింది. "ఏం నీళ్లు పోస్తారు మాస్టారూ?" అనడిగాడు మేస్త్రి. బోరు నీళ్లు! ఇంకేం పోస్తారు? ఏళ్ల తరబడి. మన ఊళ్ల బోరు నీళ్లతో స్టీలు బిందెకే తెల్లటి పొర కడుతుంది. ఇంజన్ లోపల అది దారుల్ని పూడ్చేస్తుంది, ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది. కూలెంట్ అంటే రంగునీళ్లు అనుకుంటాం కానీ అందులో తుప్పుని ఆపే మందులుంటాయి. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోస్తే ఈ బాధ ఉండదు. ఒక హెచ్చరిక. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలకి, కుక్కలకి అందనివ్వకండి.

హెడ్డు మీద ఉక్కు బద్ద పెట్టి, సందులో ఫీలర్ గేజి దూర్చి చూశాడు. చిన్న కార్లకి సాధారణంగా 0.05 మిల్లీమీటర్ల వంపు దాకా చెల్లుతుంది. ఇది దాదాపు 0.1 ఉంది. ఎప్పుడో ఒకసారి వేడెక్కి ఉంటుంది. బాబాయి డైరీ తిరగేశాడు. అంతకు ముందు మే నెలలో, గుంటూరు దారిలో ఫ్యాను తిరక్క ముల్లు ఎర్రగీత దాకా వెళ్లిన రోజు దొరికింది. చెట్టు కింద ఆపి నీళ్లు పోసి వచ్చేశారట. "ఆ తర్వాత బాగానే నడిచింది కదా" అంటాడు.

హెడ్డుని గుంటూరు లేత్ షాపుకి పంపి, ముందు గాలితో నీళ్లలో పెట్టి పగుళ్లు లేవని చూసుకుని, తర్వాత ఫేసింగ్ చేయించాం. పగుళ్ల పరీక్ష లేకుండా ఫేసింగ్ చేయిస్తే, పగులున్న హెడ్డుకి నునుపు పెట్టించినట్టే. గ్యాస్కెట్‌తో పాటు హెడ్ బోల్టులు కూడా కొత్తవి వేశారు. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, విడతలు విడతలుగా, టార్క్ రెంచితోనే బిగించాలి. చేతి బలంతో బిగించే చోట హెడ్డు పని చేయించకండి. ఈ మాట మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను.

అంతటితో అయిపోతే బాగుండేది. మేస్త్రి చాంబర్ కూడా దింపాడు. క్రాంక్ షాఫ్ట్ కింద బేరింగులుంటాయి, అర్ధచంద్రాల్లాంటి పల్చటి లోహపు ముక్కలు. ఇనుము ఇనుమునంటకుండా అక్కడ కాపాడేది వెంట్రుక కన్నా సన్నటి ఆయిల్ పొర. అందులో నీళ్లు కలిస్తే పొర నిలవదు. బేరింగుల మీద గోరుకి తగిలేలా గీతలు పడి ఉన్నాయి. మరో నెల నడిస్తే షాఫ్ట్ కూడా పోయేదట. అప్పుడు ఆ మూత చూసిన మెకానిక్ మాటే నిజమయ్యేది.

మొత్తం బిల్లు పదిహేడు వేల చిల్లర. అందులో బేరింగులు, వాటి మజూరీ కలిపి ఆరు వేలు. ఆ ఆరు వేలు నేనిస్తానన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. కానీ డైరీలో ఆ అంకె పక్కన ఏం రాసుకున్నాడో నాకు చూపించలేదు.

పని అయ్యాక కొత్త ఆయిల్ పోసి, అరగంట నడిపి, అదీ తీసేసి, ఫిల్టర్ మార్చి మళ్లీ పోశారు. వందల కిలోమీటర్లు నడిచాక మరోసారి. మూలమూలల్లో మిగిలిన తెలుపు ఒక్కసారికి పోదు. మొదటి వారం మూత కింద మళ్లీ తెల్లగా కనబడితే బాబాయి కంగారుపడ్డాడు. అది పాత మిగులే. తీసిన ఆయిల్‌ని కాలవలో పారబొయ్యకుండా పాత ఆయిల్ కొనేవాళ్లకే ఇచ్చాం.

రేడియేటర్లో పసుపు వేస్తే సరిపోదా అని మా వీధిలో ఒకరు అడిగారు. లారీ డ్రైవర్ల చిట్కా అది. రేడియేటర్‌కి సూదిబెజ్జం పడితే దారిలో పసుపు పోసి ఊరు చేరతారు. నిజమే, చేరతారు. డబ్బాల్లో అమ్మే లీకు మందులూ ఆ జాతివే. కానీ లోపల గ్యాస్కెట్ తెగితే అవి మూసేది లీకుని కాదు, రేడియేటర్ సన్నటి గొట్టాల్ని.

ఇప్పుడు బాబాయి బండికి నీళ్ల డబ్బా మీద మార్కర్ పెన్నుతో గీత ఉంది. ప్రతి ఆదివారం పొద్దున, బండి తియ్యకముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూడు చూస్తాడు. గీత దగ్గర నీళ్లు, డిప్‌స్టిక్ మీద లెవెల్, దాని రంగు. మూత నాలుగోది. చూసినవన్నీ డైరీలో వరసగా రాస్తాడు.

డిసెంబర్ మొదటి ఆదివారం మళ్లీ ఫోన్ చేశాడు. మూత కింద కాస్త తెల్లగా ఉందట.

"నీళ్లు?" అన్నాను.

"గీత దగ్గరే. మూడు వారాలుగా కదల్లేదు."

"డిప్‌స్టిక్?"

"తేనె రంగు. పావు గీత తగ్గింది కూడా. మళ్లీ తాగుతోందిరా."

"అయితే కొండకి వెళ్లిరా బాబాయ్."

"మీ పిన్ని ఎప్పుడో తయారై కూర్చుంది. నువ్వేమంటావోనని ఆగాం" అన్నాడు.